అర్ధరాత్రి ఫర్నేస్ ఆగిపోతే: మెకానిక్‌ను పిలిచేలోపు మీరు చూసుకోవాల్సినవి

ఆరేళ్ల కిందట జనవరిలో ఒక రాత్రి మూడున్నరకు మెలకువ వచ్చింది. దుప్పటి బయట ఉన్న చెవి మంచుముక్కలా ఉంది. హాల్లోకి వెళ్లి చూస్తే థర్మోస్టాట్ మీద 56 అని ఉంది. మేం పెట్టుకున్నది 69. బయట ఫారన్‌హీట్‌లో సున్నాకు ఆరు డిగ్రీలు దిగువ. బేస్‌మెంట్‌లోకి దిగి, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ ముందు నిలబడ్డాను. లోపల చిన్న మోటారు ఒకటి గుయ్యిమని మొదలైంది. కాసేపటికి టక్కుమంది. బుస్సుమని మంట అంటుకుంది. హమ్మయ్య అనుకున్నాను. నాలుగు సెకన్లు గడిచాయో లేదో ఆరిపోయింది. మళ్లీ గుయ్యి, మళ్లీ టక్కు, మళ్లీ మంట, మళ్లీ చీకటి. మూడు నాలుగుసార్లు ఇలా చేసి, ఇక ఉలుకూ పలుకూ లేకుండా ఊరుకుంది.

పొద్దున పదకొండుకు మెకానిక్ వచ్చాడు. ముందు తలుపు తీసి, పెన్సిల్ కన్నా సన్నగా ఉన్న కడ్డీ ఒకటి ఊడదీసి, జేబులోంచి తీసిన గరుకు ముక్కతో నాలుగుసార్లు రుద్ది, తిరిగి బిగించాడు. పది నిమిషాల పని. బిల్లు 260 డాలర్లు. వెళ్తూ వెళ్తూ "పదకొండేళ్లది కదా, కొత్తది పెట్టించుకోండి" అని ఎనిమిది వేల డాలర్ల కొటేషన్ చేతిలో పెట్టాడు. ఆ ఫర్నేస్ ఇవాళ్టికీ మా బేస్‌మెంట్‌లో నడుస్తూనే ఉంది.

ఆ 260 డాలర్ల కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి ఉంది. పిల్లలు రెండేసి స్వెటర్లు వేసుకుని వంటింట్లో ముడుచుకుని కూర్చున్నారు, ఏడు గంటలపాటు. ఆ పని నేను చేయగలిగినదే. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మనలో చాలామంది పెరిగిన ఊళ్లలో ఇల్లు వెచ్చబెట్టే యంత్రమంటూ ఒకటి ఉండేది కాదు. ఫ్యాను కండెన్సర్ పోతే ఏం చేయాలో, బోరు మోటారు ఎత్తకపోతే ఏం చూడాలో నాన్నల పక్కన నిలబడి నేర్చుకున్నాం. లంబసింగి చలిలో పెరిగినవాళ్లకైనా తెలిసింది నెగడు ఒక్కటే. అమెరికాలోనో కెనడాలోనో ఇల్లు కొన్నాక, కింద మూలన ఆ ఇనుప బీరువా లాంటిది కనిపిస్తుంది. దాని జోలికి ఎవరూ పోరు, అది ఆగిపోయేదాకా.

ఈ కాస్త చదివి పెట్టుకుంటే ఆ రాత్రి మీకు రాకపోవచ్చు, వచ్చినా చేతులు కట్టుకుని కూర్చోరు. నేను చెప్పేది గ్యాస్‌తో నడిచి, గాలిని వేడిచేసి గదులకు పంపే ఫర్నేస్ గురించి. అందులోనూ తెల్ల పీవీసీ పైపుతో పొగ బయటికి పంపే రకం గురించి. ఇల్లంతా వేడినీళ్లు తిప్పే బాయిలర్లు, హీట్ పంపుల కథ వేరు.

ఏ పనికైనా ముందు ఇది

కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తోందా? గ్యాస్ లీకవుతోంది. గ్యాస్‌కు సొంతంగా వాసన ఉండదు, మనకు తెలియాలనే మెర్కాప్టన్ అనే ఘాటైన పదార్థం కలుపుతారు. ఏ స్విచ్చీ వేయకండి, ఆపకండి. అందరినీ తీసుకుని బయటికి వెళ్లి, అక్కడి నుంచి గ్యాస్ కంపెనీ అత్యవసర నంబరుకో 911కో ఫోన్ చేయండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగినా ఇదే పని. ఈ విషవాయువుకు రంగూ వాసనా ఉండవు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం, మత్తు వస్తున్నాయంటే జలుబు అనుకోకండి. ప్రతి అంతస్తులో ఒక అలారం, పడకగదుల దగ్గర ఒకటి ఉండాలి. దాని వెనక ఎప్పటిదాకా పనిచేస్తుందో తేదీ ఉంటుంది. ఇప్పుడే లేచి వెళ్లి చూసి రండి, నేను ఇక్కడే ఉంటాను.

అయిదు నిమిషాల్లో తేలిపోయేవి

ముందు థర్మోస్టాట్. అది హీట్‌లో ఉందా, కూల్‌లో ఉందా, లేక ఎవరైనా ఆఫ్‌లో పెట్టారా? బ్యాటరీలతో నడిచేదైతే కొత్తవి వేసి చూడండి. స్మార్ట్ థర్మోస్టాట్ అయితే గోడ వెనక సీ వైరు ఉందో లేదో తెలుసుకోండి. ఆ వైరు దానికి నిరంతరం కరెంటు ఇస్తుంది. అది లేని ఇళ్లలో థర్మోస్టాట్ మిగతా వైర్లలోంచే కాస్త కాస్త కరెంటు లాక్కుని తన బ్యాటరీ నింపుకుంటుంది. ఏ కారణంతోనైనా ఆ బ్యాటరీ ఖాళీ అయితే, కింద ఫర్నేస్ నిక్షేపంగా ఉన్నా దాన్ని లేపేవాళ్లుండరు. 2016 జనవరిలో ఒక పేరున్న కంపెనీ స్మార్ట్ థర్మోస్టాట్లలో సాఫ్ట్‌వేర్ లోపం వల్ల బ్యాటరీలు అయిపోయి చాలా ఇళ్లు చల్లబడిపోయాయి. గోడమీద ఒక రేకు ముక్క వంగితే పనిచేసే పాత థర్మోస్టాట్‌కు ఈ జబ్బు రాదు. ఫోన్‌తో వేడి మార్చుకునే సౌకర్యం వద్దనను, కానీ సీ వైరు లేకుండా అది పెట్టించుకోకండి.

తర్వాత ఫర్నేస్ పక్కన గోడకో దాని ఒంటికో ఉండే స్విచ్చు. అచ్చం లైటు స్విచ్చులాగే ఉంటుంది. బేస్‌మెంట్‌లో లైటు అనుకుని పిల్లలో పనివాళ్లో దాన్ని ఆపేసి పోతారు. మాకు తెలిసిన ఒక ఇంట్లో రాత్రంతా వణికారు, పొద్దున మెకానిక్ వచ్చి ఆ స్విచ్చు వేసి వెళ్లాడు, డబ్బులు తీసుకునే. దాని మీద "ఫర్నేస్, ఆపవద్దు" అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి అంటించండి. కరెంటు ప్యానెల్లో బ్రేకరు కూడా చూడండి.

ఆపైన ఫర్నేస్ తలుపు. కింది తలుపు వెనక ఒక చిన్న బొత్తాం స్విచ్చు ఉంటుంది, తలుపు పూర్తిగా కూర్చుంటేనే అది నొక్కుకుని కరెంటు వస్తుంది. ఫిల్టర్ మార్చాక తలుపు కాస్త వంకరగా పెడితే చాలు, యంత్రం మొత్తం చచ్చినట్టు పడి ఉంటుంది.

ఇక ఫిల్టర్. దీని గురించి కాస్త నిలబడి చెప్పాలి. ఎందుకంటే ఫర్నేస్ జబ్బుల్లో ఎక్కువ పాలు గాలి ఆడకపోవడంతోనే మొదలవుతాయి. గదుల్లోంచి వచ్చే గాలి ఫిల్టర్ గుండా లోపలికి వెళ్లి, వేడెక్కిన లోహపు గొట్టాల చుట్టూ తిరిగి, ఆ వేడిని మోసుకుని పైకి వస్తుంది. ఫిల్టర్ మూసుకుపోతే గాలి తగ్గుతుంది, వేడి లోపలే చిక్కుకుంటుంది, గొట్టాలు హద్దు మీరి కాగుతాయి. అప్పుడు లిమిట్ స్విచ్ అనే కాపలాదారు మంటను ఆపేస్తుంది. మంట ఆరినా గదులకు గాలి తోసే పెద్ద ఫ్యాను, అంటే బ్లోయర్, తిరుగుతూ ఉంటుంది కాబట్టి మీకు వెంట్‌లోంచి చల్లగాలి కొడుతుంది. చల్లారాక మళ్లీ మంట, మళ్లీ ఆపడం. ఇలా నెలల తరబడి కాగి చల్లారుతూ ఉంటే ఆ గొట్టాలే చివరికి పగులుతాయి.

ఒక అంగుళం మందం ఫిల్టర్‌ను ఒకటి నుంచి మూడు నెలలకోసారి మార్చాలి. నాలుగైదు అంగుళాల మందం ఉన్నది ఆరు నెలల నుంచి ఏడాది వస్తుంది. కానీ ప్యాకెట్ మీద రాసిన గడువు మన వంటిళ్లను చూసి రాసింది కాదు. మా ఇంట్లో రోజూ పోపు పెడతాం, పొద్దునా సాయంత్రం అగరుబత్తి వెలిగిస్తాం. మూడు నెలలు అని రాసిన ఫిల్టర్ ఆరో వారానికే నూనె పట్టిన దుమ్ముతో బూడిదరంగు గొంగడిలా తయారవుతుంది. తీసి లైటుకు ఎదురుగా పట్టుకోండి. వెలుతురు కనబడకపోతే దాని పని అయిపోయినట్టే. కొత్తది పెట్టేటప్పుడు అంచు మీద ఉన్న బాణం గుర్తు ఫర్నేస్ వైపు చూడాలి. ఫిల్టర్ ఎంత సన్నగా వడపోస్తుందో మెర్వ్ అనే అంకె చెబుతుంది. మెర్వ్ 13 లాంటి అతి సన్నని వడపోత ఒక అంగుళం మందంలో కొనే ముందు ఆలోచించండి. దుమ్ము బాగానే పడుతుంది, గాలికి మాత్రం అడ్డం. మెర్వ్ 8 సాధారణంగా సరిపోతుంది. వాడని గదుల్లో వెంట్లు మూసేస్తే గ్యాస్ ఆదా అవుతుందని చాలామంది మూసేస్తారు. ఒకటీ అరా అయితే పర్లేదు, సగం ఇల్లు మూస్తే మాత్రం ఫిల్టర్ మూసుకుపోయినంత పనే అవుతుంది.

ఇప్పుడు దాని ముందు నిలబడి వినండి

ఫర్నేస్ ప్రతిసారీ ఒకే వరుసలో లేస్తుంది. ఒక మెట్టు దాటనిదే ఇంకో మెట్టు ఎక్కదు. ఎక్కడ ఆగిందో కనిపెడితే జబ్బు ఎక్కడుందో సగం తెలిసినట్టే. ఇది బాగా నడుస్తున్న రోజునే ఒకసారి చూసి పెట్టుకోండి. థర్మోస్టాట్‌ను అయిదు డిగ్రీలు పెంచి, కిందికి వెళ్లి, ఫోన్‌లో వీడియో తీయండి. తలుపుకు ఉన్న చిన్న గాజు కిటికీలోంచి మంట కనబడుతుంది. ఆ వీడియో మీ ఫర్నేస్ ఆరోగ్యంగా ఉన్నప్పటి నాడి. పాడైన రోజున రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

వరుస ఇదీ. థర్మోస్టాట్ 24 వోల్టుల తీగ మీద కబురు పంపుతుంది. వెంటనే ఇండ్యూసర్ అనే చిన్న ఫ్యాను మొదలవుతుంది. అమ్మమ్మ పొయ్యిలోకి ఊదుగొట్టంతో ఊదేది, ఇది అటువైపు నుంచి పీలుస్తుంది: లోపలి పొగను లాగి పైపులోంచి బయటికి తోస్తుంది. ఆ లాగుడు నిజంగా ఉందా లేదా అని ప్రెషర్ స్విచ్ చూస్తుంది. అది రబ్బరు గొట్టం తగిలించిన గుండ్రటి బిళ్ల. లాగుడు సరిపోతే టక్కుమని మూసుకుంటుంది. అప్పుడు మంట అంటించే ఇగ్నైటర్ కాగి నారింజరంగులో మెరుస్తుంది. కొన్ని సెకన్లకు గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది, నీలంమంట ఒక బర్నర్ నుంచి చివరి దానిదాకా పాకుతుంది. చివరి బర్నర్ దగ్గర ఫ్లేమ్ సెన్సర్ అనే సన్నని కడ్డీ "మంట ఉంది" అని, ఫర్నేస్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డుకు చెప్పాలి. చెబితేనే గ్యాస్ కొనసాగుతుంది. మరో అర నిమిషం, ముప్పావు నిమిషానికి పెద్ద బ్లోయర్ లేచి వెచ్చని గాలి పైకి పంపుతుంది.

అసలు ఏ చప్పుడూ లేదంటే థర్మోస్టాట్, కరెంటు, తలుపు స్విచ్చు, లేదా బోర్డు మీది ఫ్యూజు. ఈ ఫ్యూజు కార్లలో వాడే రెక్కల ఫ్యూజు లాంటిదే, 3 ఆంపియర్లదైతే ఊదారంగు, 5 ఆంపియర్లదైతే లేత గోధుమరంగు. కరెంటు ఆపి, ఊడదీసి, లోపలి తీగ తెగిందేమో చూడండి. తెగితే అదే ఆంపియర్లది ఒకటి వేయండి. అదీ పోతే మూడోది వేయకండి, ఎక్కడో తీగలు ఒకదానికొకటి తగులుతున్నాయి. బయట ఏసీకి వెళ్లే సన్నని తీగను గడ్డి కోసే యంత్రం కోసేసిన సందర్భాలున్నాయి.

ఇండ్యూసర్ తిరుగుతూనే ఉండి ఇగ్నైటర్ మెరవకపోతే ముందుగా పొగ దారినీ నీటి దారినీ అనుమానించండి. స్విచ్ టక్కుమన్నా మెరుపు లేకపోతే ఇగ్నైటర్ పగిలి ఉండొచ్చు. మెరిసినా మంట రాకపోతే గ్యాస్ వైపు సమస్య. మిగతా ఇంట్లో గ్యాస్ పొయ్యి వెలుగుతోందో లేదో చూసి, అక్కడితో ఆగి మెకానిక్‌ను పిలవండి. మంట వచ్చి మూడు నాలుగు సెకన్లలో పోతే ఫ్లేమ్ సెన్సర్. అయిదారు నిమిషాలు మండి ఆగిపోతే లిమిట్ స్విచ్, అంటే మళ్లీ ఫిల్టర్ దగ్గరికే.

ఇంకో సాక్ష్యం కూడా ఉంది. బోర్డు మీద చిన్న ఎల్ఈడీ దీపం మిణుకుమంటూ ఉంటుంది. ఎన్నిసార్లు మిణుకుమంటోందో లెక్కపెట్టండి, దాని అర్థం తలుపు లోపలి వైపు అంటించిన పట్టికలో ఉంటుంది. ఒక కంపెనీ మూడు మిణుకులకు ఒక అర్థం చెబితే ఇంకో కంపెనీ వేరే చెబుతుంది, అందుకని మీ పట్టికే మీకు దిక్కు. ముఖ్యమైన సంగతి: కరెంటు ఆపకముందే లెక్కపెట్టండి, కొన్ని బోర్డులు కరెంటు పోగానే మర్చిపోతాయి. మూడు నాలుగు ప్రయత్నాలు విఫలమైతే బోర్డు తనంతట తానే ఒక గంటో మూడు గంటలో తాళం వేసుకుంటుంది. స్విచ్చు అర నిమిషం ఆపి వేస్తే మళ్లీ ప్రయత్నిస్తుంది. ఒకసారి, రెండుసార్లు పర్లేదు. రాత్రంతా ఆపి వేస్తూ కూర్చోవద్దు, అది ఊరికే తాళం వేసుకోలేదు.

నా చిరాకంతా ఇక్కడే ఉంది. యంత్రం తనకేమైందో తెలుసుకుంటుంది, తెలుసుకుని ఒక చీకటి పెట్టెలో దీపం ఆర్పి వెలిగిస్తుంది. ఇంట్లోవాళ్లకు అర్థమయ్యే ఒక్క మాట, "నా పొగగొట్టం మూసుకుపోయింది" అని, తలుపు మీద చూపించడం ఇంత కష్టమా?

ఫ్లేమ్ సెన్సర్ తోమడం

మంటలోంచి కరెంటు పారుతుంది. చాలా కొద్దిగా, ఆంపియర్‌లో పది లక్షలవ వంతుల లెక్కన, రెండో మూడో. బోర్డు ఈ కడ్డీలోకి కరెంటు పంపుతుంది, అది మంట గుండా బర్నర్‌కు చేరి వెనక్కి వస్తే మంట ఉన్నట్టు. ఏళ్ల తరబడి మంటలో కాలీ కాలీ కడ్డీ మీద గాజులాంటి సన్నని పొర కడుతుంది. కంటికి బూడిదరంగు మరకలా కనబడుతుంది, అంతే. కానీ ఆ కాస్త కరెంటుకు అదే పెద్ద గోడ. ఎదురుగా మంట మండుతున్నా బోర్డుకు తెలియదు, కాలని గ్యాస్ ఇంట్లో పేరుకుంటుందేమోనని వాల్వ్ మూసేస్తుంది. అది చేసేది సరైన పనే.

థర్మోస్టాట్ ఆఫ్ చేయండి. ఫర్నేస్ స్విచ్చు ఆపండి. మండి ఉంటే పావుగంట చల్లారనివ్వండి. పై తలుపు తీస్తే బర్నర్లు వరుసగా కనబడతాయి. ఒక చివర ఇగ్నైటర్ ఉంటుంది, దానికి రెండు తీగలు. దాన్ని తాకకండి, పెళుసైన వస్తువు, వేలి జిడ్డు అంటినా పగలొచ్చు. రెండో చివర తెల్ల పింగాణీ మెడ ఉన్న సన్నని కడ్డీ, దానికి ఒకే తీగ. అదే మనకు కావాల్సింది. తీసేముందు ఒక ఫోటో తీసుకోండి. తీగ మెల్లగా లాగితే ఊడుతుంది. ఒకే ఒక్క స్క్రూ, చాలావాటికి పావు అంగుళం నట్ డ్రైవర్ సరిపోతుంది. స్క్రూ కింద పడితే వెతకడం నరకం, అందుకని ముందే కింద ఒక గుడ్డ పరచండి.

కడ్డీని మెత్తని స్టీల్ ఊల్‌తో తోమండి. ఇత్తడి చెంబుకు పట్టిన చిలుము వదిలేటప్పుడు చేతికి ఎలా తెలుస్తుందో ఇక్కడా అలాగే తెలుస్తుంది; మొదట గరగరమంటుంది, తర్వాత జారుతుంది, లోపలి లోహం మెరుస్తుంది. ముతక గరుకు కాగితం వాడొద్దు, దాని గీతల్లో మళ్లీ తొందరగా పొర కడుతుంది. నీళ్లు, చింతపండు, సబ్బు ఏవీ వద్దు. పొడిగుడ్డతో తుడిచి, వేళ్లు తగలకుండా తిరిగి పెట్టి, స్క్రూ బిగించి, తీగ గుచ్చండి. పింగాణీ పగిలి ఉంటే తోమి లాభం లేదు, కొత్తది వేసుకోవాలి. అది చవకైన భాగమే; లోపలి నేమ్‌ప్లేట్ మీద ఉన్న మోడల్ నంబరుతో దొరుకుతుంది.

తలుపులు మూసి స్విచ్చు వేయండి. మొదటిసారి నేనే తోమి పెట్టి కిటికీలోంచి చూస్తూ లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. మంట నిలబడింది. పైన మెట్ల మీద నిలబడ్డ మా అమ్మాయికి వినబడేలా "వచ్చింది!" అని అరిచాను.

నీటి దారి, పొగ దారి

గ్యాస్ కాలితే ఆవిరి పుడుతుంది. పాత ఫర్నేసుల్లో అది వేడి పొగతో పాటు చిమ్నీలోంచి పోయేది. కొత్తవి ఆ పొగలోంచి వేడిని ఎంతగా పిండుతాయంటే ఆవిరి కాస్తా నీళ్లుగా మారిపోతుంది. గడ్డకట్టే చలి రోజున కొన్ని గాలన్ల నీళ్లు వస్తాయి, కాస్త పులుపు గుణంతో. ఆ నీళ్లు ట్రాప్ అనే ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా గుండా, సన్నని గొట్టంలోంచి డ్రెయిన్‌కు పోవాలి. ట్రాప్‌లో జిగురు పాచి పడితే నీళ్లు వెనక్కి తన్ని లోపల నిలుస్తాయి. ప్రెషర్ స్విచ్ మూసుకోదు, ఫర్నేస్ లేవదు. ఇండ్యూసర్ దగ్గర గుడగుడ వినిపిస్తోందంటే దాదాపు ఇదే.

స్విచ్చు ఆపి, కింద బకెట్ పెట్టి, గొట్టం ఊడదీసి, ట్రాప్ విప్పి గోరువెచ్చని నీళ్లతో కడగండి. తిరిగి పెట్టేముందు అందులో కాసిని మంచినీళ్లు పోయండి, చాలా ట్రాపులకు ఆ నీటి అడ్డు అవసరం. నీళ్లను పైకి తోసే చిన్న పంపు ఉంటే అందులో ఒక గ్లాసు నీళ్లు పోసి, అది లేచి తోడుతోందో లేదో చూడండి. ఆ గొట్టం వేడి లేని గరాజ్ గుండా పోతుంటే అక్కడ గడ్డకట్టి ఉండొచ్చు.

బయటికి వెళ్లి గోడకున్న తెల్ల పీవీసీ పైపులు చూడండి. ఒకటి గాలి తీసుకుంటుంది, ఒకటి పొగ వదులుతుంది. మంచు తుఫాను తర్వాత ఇవి కప్పబడిపోతాయి. మా వీధిలో ఒక ఇంట్లో డ్రైవ్‌వేలో మంచు తీసే యంత్రం ఎగజిమ్మిన మంచంతా సరిగ్గా ఈ పైపుల మీదే కుప్పపడింది. మంచును చేత్తో తీయండి, పారతో కొట్టకండి, చలికి పెళుసెక్కిన పైపు విరుగుతుంది. వేసవిలో కందిరీగలు గూళ్లు కడతాయి, ఆకులు దూరతాయి, అదీ చూసుకోవాలి.

మీరు ముట్టుకోకూడనివి, మెకానిక్‌ను అడగాల్సినవి

గ్యాస్ వాల్వ్, గ్యాస్ పీడనం, గ్యాస్ పైపుల అతుకులు, మంట తిరిగే లోహపు గొట్టాలైన హీట్ ఎక్స్‌ఛేంజర్: ఇవి మనవి కావు. ప్రెషర్ స్విచ్‌నో లిమిట్ స్విచ్‌నో ఒక తీగ ముక్కతో కలిపేసి ఫర్నేస్ నడిపించే వీడియోలు కనబడతాయి. అలా నడిపి పడుకున్నవాళ్లు లేవకపోవచ్చు. ఆ స్విచ్చులు మీ ఇంటి కాపలా.

మెకానిక్ వచ్చినప్పుడు "పనిచేయట్లేదు" అనకండి. "ఇండ్యూసర్ తిరుగుతోంది, ఇగ్నైటర్ మెరుస్తోంది, మంట నాలుగు సెకన్లలో పోతోంది, దీపం ఇన్నిసార్లు మిణుకుమంటోంది" అని చెప్పి వీడియో చూపించండి. అతని మాట తీరే మారిపోతుంది, నేను చాలాసార్లు చూశాను. వచ్చి చూసినందుకు ఎంత తీసుకుంటారో రాకముందే అడగండి. మార్చిన పాత భాగం మీ చేతికివ్వమనండి. "హీట్ ఎక్స్‌ఛేంజర్ పగిలింది, ఇది ఇక వాడకూడదు" అన్నారా, ఆ మాట నిజమైతే చాలా తీవ్రమైనది, అందుకే సాక్ష్యం అడగాలి. పగులు ఫోటో చూపించమనండి, కార్బన్ మోనాక్సైడ్ రీడింగు రాసివ్వమనండి. ఫర్నేస్ ఆపి ఉంచి, ఇంకో మెకానిక్‌తో కూడా చూపించండి. ఎనిమిది వేల డాలర్ల నిర్ణయం వణుకుతూ తీసుకోకూడదు.

వారంటీ కాగితాలు కూడా వెతకండి. చాలా కంపెనీలు భాగాలకు పదేళ్ల వారంటీ ఇస్తాయి, కానీ బిగించిన 60 రోజుల్లోనో 90 రోజుల్లోనో పేరు నమోదు చేసుకుంటేనే. చేసుకోకపోతే అది అయిదేళ్లకు పడిపోతుంది. మొదటి ఏడాది దాటాక కూలీ సాధారణంగా మన నెత్తినే. పాత ఇల్లు కొన్నవాళ్లకు వారంటీ బదిలీ అవుతుందో లేదో ముందే కనుక్కోండి.

మేం మొదట అద్దెకున్న ఇంట్లో ఎప్పుడూ ఆరని చిన్న పైలట్ మంట ఉన్న పాత ఫర్నేస్ ఉండేది. బోర్డు లేదు, సెన్సర్ లేదు, మూడు చలికాలాల్లో ఒక్కసారి ఆగింది, అగ్గిపుల్లతో వెలిగించాం. ఆ సుఖం గుర్తొచ్చి ఒక్కోసారి మనసు పీకుతుంది. కానీ అలాంటివి నూటికి 60, 70 పాళ్లే వేడి ఇచ్చి మిగతాది చిమ్నీకి ఇచ్చేవి. 1987లో అమెరికా చట్టం చేసి, 1992 నుంచి కొత్త ఫర్నేస్ కనీసం నూటికి 78 పాళ్లు వేడి ఇవ్వాలంది. ఇప్పుడు మా దానికి 95. నెలనెలా గ్యాస్ బిల్లులో ఆ తేడా కనబడుతుంది. ఈ పొదుపు నాకు కావాలి. దాంతోపాటు ఈ శుభ్రాలూ మనమే చేసుకోవాలని ఇల్లు అమ్మేరోజున ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది.

బాగయ్యేదాకా ఇల్లు కాపాడుకోవడం

వెంటనే బాగుకాకపోతే నీటి పైపుల సంగతి చూడండి. సింకు కింది అల్మారా తలుపులు తెరిచి పెట్టండి. బయటి గోడకు ఆనుకున్న కుళాయిలను సన్నగా కారనివ్వండి. ఇంటికి నీళ్లొచ్చే ప్రధాన వాల్వ్ ఎక్కడుందో ఇంట్లో పెద్దవాళ్లందరికీ తెలియాలి. అందరూ ఒకే గదిలో చేరండి. కరెంటు హీటర్‌ను పరుపులకు, కర్టెన్లకు మూడు అడుగుల దూరంలో పెట్టి, గోడ ప్లగ్గులోనే గుచ్చండి; ఎక్స్‌టెన్షన్ తీగ కాగి అంటుకుంటుంది.

ఓవెన్ తెరిచి వేడి కాచుకోవద్దు. బొగ్గుల కుంపటి, గ్రిల్లు ఇంట్లోకి తేవద్దు. ఈ మాట మన పెద్దవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. ఊళ్లో పెంకుటింట్లో కుంపటి పెట్టుకుంటే సందుల్లోంచి గాలి ఆడేది, ఇక్కడి ఇళ్లు డబ్బాలా బిగించి కడతారు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ చలి తుఫానులో 40 లక్షలకు పైగా ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది. డాలస్, ఆస్టిన్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లెందరికో ఆ వారం గుర్తుంటుంది. గ్యాస్ ఉన్నా ఫర్నేసులు లేవలేదు, ఎందుకంటే బ్లోయరూ బోర్డూ నడవాలంటే కరెంటు కావాలి. వేడి కోసం కార్లు, గ్రిల్లులు, జనరేటర్లు మూసిన చోట నడిపి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. జనరేటర్ ఎప్పుడూ బయటే, ఇంటికి 20 అడుగుల దూరంలో.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం

2019 జనవరి 30 రాత్రి మిషిగన్‌లో మా అందరి ఫోన్లూ ఒక్కసారిగా మోగాయి. మకోంబ్ కౌంటీలో గ్యాస్‌ను పైపుల్లోకి తోసే కంప్రెసర్ స్టేషన్ అంటుకుంది, థర్మోస్టాట్లు 65కో అంతకన్నా తక్కువకో దించండి అని అత్యవసర సందేశం. బయట సున్నాకు దిగువ. అలాంటి వారంలో ఊళ్లో ఫర్నేసులన్నీ ఆగకుండా నడుస్తాయి, బలహీనమైనవన్నీ ఒకేసారి పడిపోతాయి, మెకానిక్ దొరకడానికి రోజులు పడుతుంది. కాబట్టి ఇదంతా చలి ముదరకముందే చేసుకోవాలి.

అక్టోబరులో ఒక శనివారం చాలు. ఫిల్టర్ మార్చండి. సెన్సర్ తోమండి. ట్రాప్ కడగండి. బయటి పైపుల్లోకి టార్చి వేసి చూడండి. అలారాల బొత్తాం నొక్కి మోగించండి. ఫర్నేస్ వేసి, లేచే వరుస మొత్తం ఒకసారి వినండి. రెండు ఫిల్టర్లు, రెండు ఫ్యూజులు, ఒక స్టీల్ ఊల్ ముక్క, నట్ డ్రైవర్, టార్చి ఒక డబ్బాలో పెట్టి ఫర్నేస్ పక్కనే ఉంచండి. ఏటా ఒకసారి మెకానిక్‌తో కూడా చూపించండి, గ్యాస్ పీడనం, హీట్ ఎక్స్‌ఛేంజర్ అతనే చూడాలి.

చివరిగా ఒక తెల్లకాగితం తీసుకుని ఫర్నేస్ పక్క గోడకు అంటించండి, వేడి ఒంటికి తగలకుండా. పైన మోడల్ నంబరు, సీరియల్ నంబరు, బిగించిన సంవత్సరం, ఫిల్టర్ కొలతలు, గ్యాస్ కంపెనీ అత్యవసర నంబరు. కింద తేదీలు: ఏ రోజు ఏం చేశారో ఒక్కో వరుస. మా కాగితం మీద ఇప్పుడు పందొమ్మిది వరుసలున్నాయి. ఆఖరి వరుస మా అమ్మాయి చేతిరాత: "సెన్సర్ తోమాను, అయిదు దాకా లెక్కపెట్టాను, ఆరలేదు."